మళ్లీ నొక్కే అలవాటు

గగన్‌పహాడ్ పారిశ్రామికవాడలో, హైవేకు రెండు గల్లీలు లోపల, ఒక రేకుల షెడ్డు ఉంది. హెలికాప్టర్ల పొట్ట కింద వేలాడే కెమెరాలు రిపేరుకు అక్కడికి వస్తాయి. ఆ షెడ్డులో డిగ్రీ లేకుండా, డిప్లొమా లేకుండా, ఐటీఐ గడప కూడా తొక్కకుండా చేతిలో తనిఖీ ముద్ర ఉన్న మనిషి ఒక్కడే. పాల్మాకుల బిక్షం. ముద్ర నెంబరు ఏడు.

ముద్ర అంటే బొటనవేలంత రబ్బరు స్టాంపు. రిపేరైన కెమెరా కాగితం మీద అది పడిందంటే సామాను బాగుందని అర్థం. పడకపోతే సామాను షెడ్డు దాటదు. 2011లో అది చేతికొచ్చిన రోజు బిక్షం దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు, తేకూడదని తెలిసీ. భార్య జంగమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, గింత రబ్బరు ముక్కకా గంత సంబురం అంది.  తెల్లారి బిక్షం దాన్ని షెడ్డుకు తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

షెడ్డుకు రాకముందు పద్దెనిమిదేళ్లు అతను పాల్మాకులలో మోటార్ వైండింగ్ చేశాడు. చుట్టుపక్కల పది ఊళ్ల బోరు మోటార్లు కాలిపోతే ఎడ్లబండి మీదో ఆటోలోనో అతని కొట్టుకే వచ్చేవి. తరువాత విమానాశ్రయం వచ్చింది. పొలాలు పోయాయి, కొన్ని ప్లాట్లయ్యాయి. పొలం లేనిచోట బోరుతో పనేముంది? 2008 ఎండాకాలంలో, మార్చిలో విమానాలు దిగడం మొదలయ్యాక, బిక్షం కొట్టుకు మూడు నెలల్లో నాలుగే మోటార్లు వచ్చాయి. అందులో ఒకటి పిండిగిర్నీది.

షెడ్డు ఓనరు జగదీశ్ సారు అతన్ని వెతుక్కుంటూ వచ్చింది ఆ మరుసటి ఏడు. అరచేతిలో పట్టేంత మోటారు తెచ్చాడు. కెమెరా లోపలిది. కాలిపోయింది, తయారీదారుకు పంపితే నాలుగు నెలలు పడుతుందన్నారు. ఎవరో పాల్మాకుల పేరు చెప్పారట. బిక్షం దాన్ని విప్పి, చుట్లు లెక్కపెట్టి, వెంట్రుకలాంటి తీగతో రెండు రోజుల్లో మళ్లీ చుట్టి ఇచ్చాడు. మోటారు తిరిగింది. వారం తిరక్కుండా బిక్షం కొట్టు మూసి గగన్‌పహాడ్ బస్సెక్కాడు.

ఆ కెమెరాను షెడ్డులో అందరూ గుండు అంటారు. చూడటానికి అట్లాగే ఉంటుంది, మంచి సైజు గుమ్మడికాయంత నున్నటి గుండు, దానికొక నల్లటి అద్దం కన్ను. ఆ కన్ను వెలుతురును చూడదు, వేడిని చూస్తుంది. హైటెన్షన్ లైన్ల వెంట హెలికాప్టర్ ఎగురుతూ పోతుంటే, ఎక్కడ తీగ జాయింటు వదులై వేడెక్కిందో అది తెల్లటి చుక్కలా చూపిస్తుంది.

హెలికాప్టర్ ఊరికే ఉండదు. వణుకుతుంది, ఒరుగుతుంది. అయినా బొమ్మ కదలకూడదు. నీళ్లకుండ నెత్తిన పెట్టుకుని చేను గట్టు మీద నడిచే ఆడమనిషిని చూడండి. కాళ్లు ఎట్లా పడ్డా మెడ సర్దుకుంటుంది, కుండ నిలబడుతుంది. గుండు లోపల ఆ మెడ పని చేసేవి రెండు మోటార్లు. ఒకటి కుడి ఎడమలకు, ఒకటి పైకీ కిందికీ. ఎంత ఒరిగిందో చెప్పే పరికరం ఒకటుంటుంది. అది చెప్పినంత మోటారు వెనక్కి తిప్పుతుంది, నిజంగా అంతే తిరిగిందా అని మళ్లీ కొలుస్తుంది, తేడా ఉంటే సరిచేస్తుంది. సెకనుకు కొన్ని వందలసార్లు. సర్వో అంటే ఇంతే. బిక్షానికి దాని వెనక లెక్కలు రావు. మోటారు ఎప్పుడు ఇబ్బంది పడుతోందో మాత్రం గుండు మెడ మీద వేలు పెడితే తెలుస్తుంది.

గుండుకు తనను తాను పరీక్షించుకునే తెలివి కూడా ఉంది. బటన్ నొక్కితే మెడ అటూ ఇటూ తిప్పుకుంటుంది. చెప్పినంత తిరిగానా, తిరగడానికి మోటారు ఎంత కరెంటు తాగింది అని చూసుకుంటుంది. హద్దులో ఉంటే తెర మీద పచ్చ గీత, పాస్. దాటితే ఎర్ర గీత, ఫెయిల్. సెల్ఫ్ టెస్ట్ అంటారు. ముద్ర వేసే ముందు ఆ టెస్టు చేసి, ఫలితం కాగితంలో రాయాలి. కాగితంలో దానికి ఉన్నది ఒకే గడి.

ఇక్కడే బిక్షం పాత అలవాటు పనికొచ్చింది. పనికొచ్చిందనే అందరూ అనుకున్నారు.

బోరు మోటారు స్టార్టరు గురించి తెలిసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. పచ్చ బటన్ నొక్కుతారు. టక్కున పడిపోతుంది. వోల్టేజీ తక్కువ. మళ్లీ నొక్కుతారు. మళ్లీ పడిపోతుంది. కాసేపు చుట్ట తాగి మూడోసారి నొక్కితే పట్టుకుంటుంది. నీళ్లు వస్తాయి. మొదటి రెండుసార్లు ఎందుకు పడిందని ఏ రైతూ అడగడు, నీళ్లొచ్చాయి కదా. షెడ్డులో ఉన్న ఎనిమిది మందిలో ఆరుగురు ఆ ఊళ్ల పిల్లలే, స్టార్టరు నొక్కి పెరిగినవాళ్లే. అందుకని గుండు ఎప్పుడైనా మొదటిసారి ఫెయిల్ చూపిస్తే బిక్షం గానీ, ఇంజనీరు శ్రావణ్‌కుమార్ గానీ కంగారుపడేవాళ్లు కాదు. జనరేటర్ కరెంటు గట్లనే ఉంటది అనుకునేవాళ్లు. రెండోసారి నొక్కేవాళ్లు. పాస్ వచ్చేది. గడిలో పాస్ అని రాసేవాళ్లు. అబద్ధం రాస్తున్నామని ఒక్కరికీ అనిపించలేదు.

2012 చలికాలంలో కరెంటు కోతలు ముదిరాయి. ఫ్యాక్టరీలకు వారంలో రెండు మూడు రోజులు పవర్ హాలిడే. ఆ రోజుల్లో షెడ్డు మూసేసేవాళ్లు. తెరిచిన రోజు పొద్దున లోపలికి అడుగుపెడితే రేకుల కింద చలి పట్టుకునేది, సామాను ముట్టుకుంటే జిల్లుమనేది. జనరేటర్ వేసి పని మొదలుపెట్టేవాళ్లు. ఆ పొద్దులప్పుడు ఫెయిల్ కాస్త ఎక్కువసార్లు వచ్చేది. జనరేటర్ మీదికి తిట్లు కూడా ఎక్కువే పోయేవి.

పదకొండో నెంబరు గుండు ఆ నవంబరులో వచ్చింది. లైన్లు చూసే ఒక హెలికాప్టర్ కంపెనీది. మెడ బేరింగు అరిగింది, కొత్తది వేయాలి. బిక్షమే వేశాడు. బేరింగును పట్టి ఉంచే ఉంగరం ఒకటుంటుంది, దాన్ని ఎంత బిగించాలో పుస్తకంలో ఉంది, ఆ కొలత చూపే పానా కూడా ఉంది. పుస్తకం చెప్పినంత బిగించి వేలితో ఊపి చూశాడు. వెంట్రుకవాసి ఆట, అంటే వదులు, ఉన్నట్టనిపించింది. బోరు మోటారులో ఆట ఉంటే ఇక అంతే సంగతులు, లోపల తిరిగేది పక్కకు ఒరుసుకుని వైండింగ్ మొత్తం కాలిపోతుంది. పద్దెనిమిదేళ్లు ఆట మీద యుద్ధం చేసిన చేయి ఊరుకోలేదు. పానా పక్కన పెట్టి, ఉంగరాన్ని ఇంకో చిటికెడు తిప్పాడు. ఆట పోయింది. మెడ వెన్నలా తిరిగింది. టెస్ట్ పాస్. ముద్ర పడింది.

డిసెంబరు మొదటివారంలో గుండు వెనక్కి వచ్చింది. హిమాచల్ కొండల్లో ఎగురుతుంటే బొమ్మ జారిపోతోందని, గాల్లో టెస్టు చేస్తే కుడి ఎడమల మోటారు ఫెయిల్ అంటోందని రాశారు. షెడ్డులో పెట్టి చూశారు. పాస్. నాలుగు రోజులు చూశారు, కాగితంలో నాలుగు రోజులూ పాసే పడింది. లోపమేమీ లేదని రాసి పంపారు. జనవరి మొదట్లో మళ్లీ వచ్చింది. అదే మాట. మళ్లీ పాస్, మళ్లీ పంపారు. నెలాఖరుకు మూడోసారి వచ్చినప్పుడు దాంతోపాటు ఒక ఉత్తరం కూడా వచ్చింది. బొమ్మ నిలవకపోవడంతో పైలట్ తీగలకు దగ్గరగా పోయి, అదే చోట ఎక్కువసేపు నిలబడాల్సి వస్తోందట. హెలికాప్టర్లో ఏమన్నా ఉందేమోనని వాళ్ల మెకానిక్ శంకరయ్య రెండుసార్లు వైరింగంతా విప్పి చూశాడట, ఏమీ దొరకలేదట. ఇప్పుడైనా ఒక్క మాట రాసివ్వండి, లోపం మీ దగ్గరా, మా దగ్గరా?

శ్రావణ్‌కుమార్ మంచివాడే. చదువుకున్నవాడు, చురుకైనవాడు, కాకపోతే కొత్తగా పెళ్లయి ఆరింటికి ఇంటికి పోవాలనే తొందరలో ఉన్నవాడు. లోపం హెలికాప్టర్ వైరింగులోనే ఉండాలి అని రెండు పేజీల రిపోర్టు తయారుచేశాడు. చివర మరోసారి టెస్టు చేసి బిక్షం ముద్ర వేస్తే సరి. రేపు పవర్ హాలిడే, ఎల్లుండి పొద్దున చేసి ఇచ్చేయి అన్నా అని చెప్పి పోయాడు.

ఆ ఎల్లుండి పొద్దున బిక్షం ఎనిమిదింటికల్లా షెడ్డు తెరిచాడు. హిమాయత్ సాగర్ వైపు నుంచి మంచు ఇంకా విడలేదు. జనరేటర్ వేశాడు, గుండుకు తీగలు తగిలించాడు, బటన్ నొక్కాడు.

ఎర్ర గీత. ఫెయిల్. కుడి ఎడమల మోటారు కరెంటు ఎక్కువ తాగింది.

అతని బొటనవేలు అలవాటుగా మళ్లీ బటన్ మీదికి పోయింది. కొన్ని నిమిషాలు ఆగి నొక్కాడు. పచ్చ గీత. పాస్. పెన్ను తీశాడు. గడి మీద పెన్ను పెట్టి ఆగిపోయాడు.

ఉత్తరంలో రాసింది కూడా ఇదే కదా అనిపించింది. కుడి ఎడమల మోటారే. ఇదే గీత తాను ఇంతకుముందు ఎన్నిసార్లు చూశాడు? డిసెంబరులో చూశాడు. మొన్న జనవరిలో కూడా ఒక పొద్దున చూసినట్టే ఉంది. జనరేటర్ అనుకున్నాడు. సరే, హిమాచల్ గాల్లో జనరేటర్ ఎక్కడిది?

మళ్లీ నొక్కాడు, పాస్. ఇంకోసారి నొక్కాడు, పాస్. గుండు మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. వేడిని చూసే ఆ కన్ను పని చేయాలంటే దాన్ని లోపల గడ్డకట్టేంత చల్లబరచాలి. అందుకో చిన్న యంత్రం ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్ వెనక భాగంలా అది తన వేడిని గుండు ఒంటికే వదులుతుంది. కన్ను చల్లబడే కొద్దీ ఒళ్లు వెచ్చబడుతుంది. మొదటిసారి నొక్కినప్పుడు ఒళ్లు చల్లగా ఉంది. రెండోసారికి వెచ్చబడింది. కొండగాలిలో అయితే ఆ వేడి నిలవదు, గాలి ఎప్పటికప్పుడు లాక్కుపోతుంది.

షెడ్డు వెనక తిండిగదిలో ఒక పాత ఫ్రిజ్ ఉంది. బిక్షం అందులోని పెరుగు గిన్నెలు, నీళ్ల సీసాలు, ఎవరిదో సగం కేకు తీసి బల్ల మీద పెట్టాడు. అరలు పీకేశాడు. గుండును రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చెమ్మ పీల్చే పొట్లాలు నాలుగు లోపల వేసి, ఎత్తి ఫ్రిజ్‌లో కూర్చోబెట్టాడు. అప్పుడే ఊడ్చడానికి వచ్చిన అనంతమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

"ఏందయ్యా, గుండుకు ఉడుకు పట్టిందా?"

"జర ఒంట్ల బాగలేదక్కా దానికి."

"నా పెరుగు గిన్నె మీద చీమలు వడితె నీదే పూచీ."

రెండు గంటల తరువాత తీశాడు. ముందు వేలితో మెడ తిప్పి చూశాడు. నవంబరులో వెన్నలా తిరిగింది ఇప్పుడు పాత విసుర్రాయిలా బరువుగా కదిలింది. నొక్కాడు. ఫెయిల్. ఈసారి హద్దు మీద ఒకటిన్నర రెట్లు.

బిక్షానికి ఇక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గుండు ఒళ్లు అల్యూమినియం, బేరింగు ఉక్కు. చలికి రెండూ ముడుచుకుంటాయి, అల్యూమినియం ఎక్కువ ముడుచుకుంటుంది. బేరింగు చుట్టూ ఒళ్లు బిగుసుకుంటుంది. ఆ ముడుచుకునేదానికి చోటుండాలనే పుస్తకంలో అంత కొలత ఇచ్చి పానా పెట్టారు. ఆ చోటును తాను ఆట అనుకున్నాడు. ఆ చిటికెడు తన చెయ్యిదే.

అతను గుండును బల్ల మీద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. శ్రావణ్ పదకొండింటికి గానీ రాడు. ఉంగరాన్ని ఒక చిటికెడు వెనక్కి తిప్పడానికి పది నిమిషాలు చాలు. తిప్పేసి, పాస్ రాసి, ముద్ర వేసి పంపితే గుండు హిమాచల్‌లో బాగా పనిచేస్తుంది. రిపోర్టులో లోపం వైరింగుదని ఉంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు. చెప్తే ముద్ర పోతుంది, అందులో అనుమానం లేదు. చదువులేనివాడికి ముద్ర ఇవ్వొద్దని మొదట్లోనే కొందరు అన్నారు. వాళ్ల మాట నిజమవుతుంది.

ఆ రోజు ముద్ర వేయలేదు. పరీక్ష పూర్తి కాలేదని శ్రావణ్‌తో చెప్పి, కడుపు నొప్పని మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు.

జంగమ్మ రోడ్డు పక్క ఒక హోటల్లో గదులు ఊడ్చే పని చేస్తుంది. ఆ రోజు ఆమెకు సెలవు. బియ్యం చెరుగుతూ అంతా విన్నది. గంటకోసారి బాత్రూములు తుడిచినట్టు తలుపు వెనక కాగితంలో సంతకం పెట్టాలని తమకూ ఉందని, పొద్దున రాగానే ఎనిమిది గళ్లల్లోనూ సంతకాలు గీకేసి పనిలో పడతామని చెప్పింది. అంతా గిట్లనే ఉంటది, గిదో పెద్ద ముచ్చటా అంది. బిక్షానికి ప్రాణం కాస్త తేలికైంది. అప్పుడామె చేట ఆపి అడిగింది, వైరింగు విప్పినోడు ఎవరని.

"శంకరయ్యంట. వాళ్ల మెకానిక్."

"గాయన నౌకరి ఉంటదా?"

తెల్వదు అన్నాడు బిక్షం.

"నా సంతకానికి ఎవ్వడు చలిల కూసొని తీగలు విప్పలేదు," అంది జంగమ్మ. మళ్లీ బియ్యం చెరగడం మొదలుపెట్టింది. 

షెడ్డులో నాణ్యత చూసే ఆమె మాధవీలత. సొంతూరు తెనాలి పక్కన. పాతికేళ్ల పిల్లనైనా డెబ్బై ఏళ్ల ముసలినైనా "గారు" అనే పిలుస్తుంది, నవ్వు మాత్రం అంత సులభంగా రాదు. తెల్లారి ఆమె వచ్చి బ్యాగు కింద పెట్టేలోపే బిక్షం ఎదురుగా నిలబడ్డాడు.

"మేడం, పదకొండో గుండు ఖరాబు చేసింది నేనే."

ఉంగరం సంగతి చెప్పాడు, ఫ్రిజ్ సంగతి చెప్పాడు. ఆమె రాసుకుంటూ పోయింది. రెండోసారి నొక్కే సంగతి చెప్పినప్పుడు మాత్రం పెన్ను కింద పెట్టింది.

"మొదటిసారి ఫెయిల్ వచ్చి, రెండోసారి పాస్ అయినవి ఎన్ని ఉంటాయి బిక్షం గారూ?"

"తెల్వదు మేడం."

"సుమారుగా చెప్పండి."

"సుమారు గూడ తెల్వదు. గది రాసేదని ఎన్నడు అనుకోలే."

చెడిపోయిన ఒక్క గుండు గురించి వచ్చాననుకున్నాడు బిక్షం. ఆమె అడిగిన మాటతో అర్థమైంది. ఈ చలికాలంలో తాను ముద్ర వేసిన ప్రతి కాగితం ఇప్పుడు అనుమానమే. తన చేతులకు తప్పు ఎప్పుడూ తెలుస్తుందనుకున్నాడు. ఈ తప్పు చేతులది కాదు, పెన్నుది.

మాధవీలత లేచి బీరువాలోంచి ఒక లాప్‌టాప్ తీసింది. తయారీదారు పంపింది. ఏడాదికి ఒకసారి కూడా ఎవరూ తెరవరు. దాన్ని గుండుకు తగిలించి కాసేపు వెతికింది. తెర మీద వరసగా గీతలు వచ్చాయి. తారీకు, టైము, పాసా ఫెయిలా, ఆ క్షణాన గుండు ఒళ్లు ఎంత చల్లగా ఉందో. గాల్లోవి, షెడ్డులోవి, అన్నీ. నవంబరు నుంచీ.

"ఇది అన్నీ రాసుకుంటుందండీ," అంది ఆమె.

బిక్షం వంగి చూశాడు. ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా అంకెలు వచ్చు, ఎర్ర రంగు తెలుసు. ఎర్ర గీతలన్నీ పన్నెండు డిగ్రీల కిందే ఉన్నాయి. డిసెంబరులో రెండు పొద్దులు, జనవరిలో రెండు, నిన్నటివి రెండు షెడ్డులో వచ్చినవే. మిగతావి కొండల్లోవి. కాగితంలో పాస్ అని రాసిన రోజులే ఇక్కడ ఎర్రగా ఉన్నాయి. కాగితం దాచింది, గుండు దాచలేదు. చూసినవాడే లేడు. అప్పుడే వచ్చిన శ్రావణ్ వాళ్ల వెనక నిలబడి చూసి, తాను ఎప్పుడూ ఆ క్షణాన లోపముందా లేదా అన్నదే చూశానని, పాత పేజీలు తిప్పలేదని గొంతు తగ్గించి చెప్పాడు. రిపోర్టు రెండు పేజీలూ చింపి జేబులో పెట్టుకున్నాడు.

జగదీశ్ సారుకు కోపం వచ్చింది. న్యాయమే. వదులు చేసి పంపేస్తే పోయేదానికి ఊరంతా టముకు వేయాలా అన్నాడు. కస్టమరుకు చెప్పొద్దన్నాడు. చెప్పకపోతే తాను సంతకం పెట్టనని మాధవీలత అంది. గాజు తలుపు వెనక వాళ్లిద్దరూ గంటసేపు వాదించుకున్నారు. బయట మోటార్ల బల్ల దగ్గర బిక్షానికి మాటలు వినబడలేదు, సారు చేతులు మాత్రం కనబడ్డాయి. చివరికి చేతులు ఆగాయి. సారు బయటికి వచ్చి బిక్షం ముందు నిలబడ్డాడు.

"నిన్ను తెచ్చిందే నేను. పాల్మాకులల కొట్టుకాడికి వచ్చి తెచ్చిన."

"యాదికున్నది సార్."

"ముద్ర మేడంకు ఇచ్చెయ్."

ఇచ్చేశాడు. పదకొండో గుండును సరిచేసి, లోపం తమదేనని ఉత్తరం రాసి పంపారు. ఆ చలికాలంలో అతను ముద్ర వేసిన గుండ్లు అది కాక ఇంకో తొమ్మిది. తొమ్మిదీ వెనక్కి తెప్పించి చలిలో పెట్టి చూశారు. ఎనిమిది బాగున్నాయి. ఒకటి హద్దు మీద ఊగిసలాడింది, దాన్ని కూడా విప్పి సరిచేశారు. ఆ రవాణా ఖర్చంతా కంపెనీ నెత్తినే పడింది. ఆ ఏడు ఎవరికీ జీతం పెరగలేదు. రెండు నెలలు బిక్షంతో కలిసి టీ తాగడానికి ఎవరూ పెద్దగా రాలేదు. అనంతమ్మ ఒక్కతే గ్లాసు తెచ్చి బల్ల మీద టక్కున పెట్టి పోయేది. తనిఖీ కాగితంలో ఒక్క గడి పోయి మూడు గళ్లు వచ్చాయి, నొక్కిన ప్రతిసారికీ ఒకటి. షెడ్డుకు ఒక చలిపెట్టె కూడా కొన్నారు, సెకండ్ హ్యాండ్ ఐస్‌క్రీమ్ డబ్బా. మెడలు బిగించే పని బిక్షం దగ్గరే ఉంది, కానీ పానా అంకె శ్రావణ్ చూసి రాసుకున్నాకే చెయ్యి తీయాలి.

మార్చిలో ఒక రోజు భోజనాల వేళకు యాభై ఏళ్ల మనిషి ఒకడు భుజాన సంచితో షెడ్డులోకి వచ్చాడు. నల్లగా, గట్టిగా ఉన్నాడు. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. ఇక్కడ బిక్షం అంటే ఎవరని అడిగాడు. చూపించారు.

"నేను శంకరయ్యను. హెలికాప్టర్ మెకానిక్‌ను," అన్నాడు. "మాది అమనగల్లు పక్కన."

బిక్షం లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"రెండుసార్లు విప్పిన వైరింగు. చేతులకు తొడుగులుంటె పిన్నులు దొరకయి. ఉత్త చేతులతోని, మంచుల. నన్ను ఉజ్జోగంల నుంచి తీసే కాగితం తయారైంది తెలుసా నీకు? మీ ఉత్తరం వచ్చినంక చింపిన్రు."

"తెల్వకుండె అన్నా."

"తెల్వకుండెనా, చూడకుంటివా?"

 బిక్షం పోయి చలిపెట్టె తెరిచాడు. అందులో ఒక గుండు మెడ ఉంది, అతను షెడ్డు పిల్లలకు ఉంగరం బిగింపు నేర్పడానికి కావాలనే ఎక్కువ బిగించి ఉంచింది. తీసి శంకరయ్య చేతిలో పెట్టాడు. శంకరయ్య తిప్పి చూశాడు, కదల్లేదు, ఇంకాస్త బలంగా తిప్పాడు. తరువాత బిక్షం దాన్ని బయట ఎండలో పదిహేను నిమిషాలు పెట్టి మళ్లీ ఇచ్చాడు. సులువుగా తిరిగింది. శంకరయ్య దాన్ని అట్లాగే చేతిలో పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. కోపం పోలేదు గానీ పనోడి కుతూహలం ముందుకొచ్చింది. ఉంగరం ఎంత బిగించాలి, ఎంతకు ఆగాలి, చలిలో ఎంత వదులుండాలి అని అడిగాడు. బిక్షం అన్నీ చెప్పాడు. టిఫిన్ డబ్బా విప్పి జొన్నరొట్టె సగం విరిచి ఇచ్చాడు. శంకరయ్య వద్దనలేదు, తీసుకుని తిన్నాడు.

పోయేముందు ఫోన్ నెంబరు అడిగాడు. శ్రావణ్ తన కార్డు ఇవ్వబోయాడు. శంకరయ్య కార్డు తీసుకున్నాడు కానీ బిక్షం వైపే చూశాడు.

"మా సామాను ఏదొచ్చినా ముందుగాల నొక్కితె వచ్చింది నాకు చెప్పాలె నువ్వు. తర్వాత వచ్చింది నాకొద్దు. కాయిదం మీద ఎవ్వలన్న ముద్ర కొట్టుకోని."

"ముద్ర నా తాన లేదన్నా."

"ముద్ర నేనడుగలే."

2014 నాటికి కూడా ఏడో నెంబరు ముద్ర బిక్షానికి రాలేదు. మాధవీలత రెండుసార్లు ప్రయత్నం చేసింది. రాతపరీక్ష తెలుగులో పెడతానంది, జగదీశ్ సారు చూద్దాంలే అన్నాడు, ఆ చూద్దాం అట్లాగే ఉండిపోయింది. ఇప్పుడు ముద్రలన్నీ శ్రావణ్ వేస్తాడు. ఆ జనవరిలో ఒక పొద్దున శంకరయ్య కంపెనీ గుండు ఒకటి చలిపెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టారు. బిక్షం నొక్కాడు. ఎర్ర గీత. మూడు గళ్లలో మొదటి గడిలో ఫెయిల్ అని రాశాడు, టైము వేశాడు, ఎంత చల్లగా ఉందో వేశాడు. శ్రావణ్ అప్పటికింకా రాలేదు. బిక్షం ఫోన్ తీశాడు.

అవతల హెలికాప్టర్ రెక్కల చప్పుడు. శంకరయ్య ఏందని అరిచాడు.

"అన్నా, ఫెయిల్ వచ్చింది. మల్ల నొక్కలే. విప్పుతున్న, నాలుగొద్దులు పడ్తది."

నాలుగు రోజులంటే తమ పని ఆగుతుందని, పైవాళ్లు నెత్తి మీద కూర్చున్నారని, ఇక్కడ పరేషాన్ పరేషాన్ ఉందని శంకరయ్య చాలాసేపు తిట్టాడు. బిక్షం ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని అంతా విన్నాడు. చివరికి శంకరయ్య, సరే విప్పు అన్నాడు. బిక్షం ఫోన్ జేబులో వేసుకుని పానా తీసుకున్నాడు.